ఓవర్‌మెన్ బూతులు భరించాలా?

ప్రశ్న: నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన స్థానంలో భూగర్భ గనిలో చేరాను. మా పని పర్యవేక్షించే ఓవర్‌మెన్ అందరి ముందూ అమ్మను కలిపి తిడతాడు. ఎదురు మాట్లాడితే మస్టర్ (హాజరు) పడదంటాడు. నాన్నేమో సర్దుకుపొమ్మంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక యువ కార్మికుడు, గోదావరిఖని

జవాబు: మీ నాన్నగారి భయం నాకు తెలుసు, ఇంటికి ఆ ఉద్యోగమే ఆధారం. అయినా బూతులు పడటం డ్యూటీలో భాగం కాదు. పైకప్పు ప్రమాదం చూసి ఓవర్‌మెన్ కేకేస్తే మారుమాట లేకుండా కదలండి, అలా హెచ్చరించడం ఆయన బాధ్యత. అమ్మను తిట్టడం వేరు. దానికి గనిలోపల జవాబివ్వకండి. షిఫ్ట్ అయ్యాక పక్కకు పిలిచి, "సార్, పనిలో తప్పుంటే చెప్పండి, అమ్మ జోలికి రావద్దు" అనండి. చాలామంది అక్కడే తగ్గుతారు.

తగ్గకపోతే తేదీ, షిఫ్ట్, అన్న మాట, విన్నవాళ్ల పేర్లు ఇంటికెళ్లగానే రాసుకోండి. మస్టర్లు మీరే లెక్కపెట్టుకోండి. వేతన సెలవు హక్కుకు ఏడాదిలో నిర్ణీత హాజర్లు ఉండాలి. పనిచేసిన రోజు మస్టర్ ఆపితే మర్నాటికి వాయిదా వేయకుండా మేనేజర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోండి. యూనియన్ పిట్ సెక్రటరీని వెంట తీసుకెళ్లండి.

కోపంతో మిమ్మల్ని పైకప్పుకు సపోర్టు లేని చోటికి పంపితే మాత్రం ఓపిక పట్టకండి. వెంటనే కార్మికుల తరఫున భద్రత చూసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పండి.