మసక వెలుగుల మరుగుజ్జు గెలాక్సీలు

నెల్లూరు సీమ తీరాన, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ నెలకొన్న దీవి శ్రీహరికోట. నెల్లూరు జిల్లాకు చెందిన ఈ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. 2015 సెప్టెంబరు 28న ఇక్కడి నుండి బయలుదేరిన రాకెట్, ఖగోళ పరిశోధన కోసం 'ఆస్ట్రోశాట్' ఉపగ్రహాన్ని సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో నిలిపింది.

మన పాలపుంతలో పదివేల కోట్లకు పైగా నక్షత్రాలున్నాయి. అటువంటి నక్షత్ర సముదాయమే గెలాక్సీ. కొన్ని వందల కోట్ల నక్షత్రాలకు మించనివి మరుగుజ్జు గెలాక్సీలు. వందలు, వేలుగా గెలాక్సీలు గురుత్వాకర్షణ చేత ఒకచోట కూడి ఉంటే అది గెలాక్సీల సమూహం. కన్యారాశి దిశలో, దాదాపు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన అటువంటి సమూహం ఉంది. అందులోని సభ్యులలో అధిక సంఖ్యాకులు మరుగుజ్జులే. అయితే వాటి వెలుగు మిక్కిలి మసక. అందుచేత వాటిని గుర్తించడం కష్టం.

సమూహంలోని గెలాక్సీల నడుమ ప్రదేశం శూన్యం కాదు. కోట్ల డిగ్రీల వేడి గల పలుచని వాయువు అక్కడ వ్యాపించి ఉంటుంది. గెలాక్సీ అందులో వేగంగా పయనించేటప్పుడు ఆ వాయువు ఎదురుగాలిలా తాకుతుంది. ఎదురుగాలికి బాటసారి ఉత్తరీయం ఎగిరిపోయినట్లు, గెలాక్సీలోని వాయువు వెనుకకు కొట్టుకుపోతుంది. పెద్ద గెలాక్సీ తన ఆకర్షణ బలంతో కొంత నిలుపుకొంటుంది. మరుగుజ్జుకు ఆ బలం చాలదు. నక్షత్రాలకు ముడిసరుకు వాయువే కనుక, అది పోతే కొత్త నక్షత్రాల పుట్టుక ఆగిపోతుంది.

కన్యారాశి సమూహంలోని 'ఐ.సి. 3418' ఇందుకు నిదర్శనం. ఈ మరుగుజ్జు గెలాక్సీ దేహంలో సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితమే నక్షత్రాల పుట్టుక నిలిచిపోయింది. కాని దాని వెనుక 50 వేల కాంతి సంవత్సరాలకు పైగా సాగిన తోకలో పడుచు నక్షత్రాలు మెరుస్తున్నాయి. చూపులకు జెల్లీ చేపను పోలి ఉంటుంది. పడుచు నక్షత్రాలు వెదజల్లే అతినీలలోహిత కిరణాలలో అధికభాగాన్ని భూవాతావరణం అడ్డగిస్తుంది. అందువల్లనే అంతరిక్షంలోని దూరదర్శిని అవసరమైంది. ఆస్ట్రోశాట్ తీసిన ఈ గెలాక్సీ చిత్రాలను విశ్లేషించిన పరిశోధన 2021లో వెలువడింది.

ప్రకాశించేవాటిని మాత్రమే లెక్కించితే సమూహపు చరిత్రలో సగమే తెలుస్తుంది. బలహీనమైన గెలాక్సీ ఏమి కోల్పోయిందో, కోల్పోయినది ఎక్కడ మళ్లీ వెలిగిందో ఆ మసక వెలుగులే తెలుపుతాయి.

అర్థాలు
ఉత్తరీయం : పైబట్ట
నిదర్శనం : ఉదాహరణ
కక్ష్య : ఉపగ్రహం తిరిగే దారి

ప్రశ్నలు
1. సమూహంలో మరుగుజ్జు గెలాక్సీలు వాయువును ఎందుకు కోల్పోతాయి?
2. 'ఐ.సి. 3418' విశేషాలను వివరించండి.