కేసు షీటులో వయసు గడి

ముప్పయ్యేళ్లకు పైగా జూబ్లీహిల్స్ వైపు ఆసుపత్రుల్లో నర్సుగా చేశాను. రిటైరయ్యాక కూడా కొత్త పిల్లలు ఫోన్ చేస్తుంటారు, "సిస్టర్, వైరల్ జ్వరం కేసొస్తే ముందేం చూడాలి?" అని. కేసు షీటులో కొన్ని గడులుంటాయి చూడండమ్మా, అంటాను. అందరూ గబగబా నింపి వదిలేసేవి అవే.

1. వయసు ఇద్దరిని అడుగు.

ఫిల్మ్‌నగర్ సినిమా మనుషులకు రెండు వయసులు. తెరకొకటి, ఆధార్‌కొకటి. 2020 ఆగస్టులో ఒక క్యారెక్టర్ ఆర్టిస్టుని కోవిడ్‌తో తెచ్చారు. జుట్టు నిగనిగలాడుతోంది. వెంట వచ్చిన అసిస్టెంటు 48 అన్నాడు, రాసేసుకున్నారు. నాకు మాత్రం చెవుల పక్కన రంగు అందని తెల్ల మొలకలు కనిపించాయి. కూతురికి ఫోన్ కలిపాను. "63 సిస్టర్. నేను చెప్పానని నాన్నగారికి తెలియనీకండి" అంది. షుగరూ ఉందట; వేషాలు పోతాయని మాత్రలు చాటుగా వేసుకునేవాడట. ఆ జబ్బులో 48 వేరు, షుగరున్న 63 వేరు. డాక్టరుగారు గంటలోపు మానిటరున్న మంచానికి మార్పించారు.

2021 ఏప్రిల్‌లో 45 దాటినవాళ్లందరికీ టీకా అన్నారు. చిరంజీవిగారి కరోనా క్రైసిస్ చారిటీ సినీ కార్మికులకు ఉచితంగా వేయించింది. ఏళ్ల తరబడి 39 దగ్గరే ఆగిపోయినవాళ్లు ఒక్క పూటలో 46కి ఎదిగారు!

2. పోయినసారి లెక్క ఈసారికి పనికిరాదు.

దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే, 2009 మేలో. అమెరికా నుంచి దిగిన 23 ఏళ్ల కుర్రాడు. ఆ జబ్బు కుర్రకారునీ గర్భిణుల్నీ గట్టిగా పట్టుకుంది; పెద్దవాళ్లలో చాలామందికి చిన్నప్పటి ఫ్లూలు నేర్పిన రక్షణ కొంత ఉంది. ఆ అనుభవంతోనే 2020లో కుర్రాళ్ల కోసం కాచుకు కూర్చున్నాం. వచ్చినవాళ్లు అరవై దాటిన మగవాళ్లు, బీపీ, షుగర్ మాత్రల డబ్బాలతో సహా.

3. "ఎన్ని డిగ్రీలు" కన్నా "ఎన్నో రోజు" ముఖ్యం.

గాయకుడు ఎస్పీ బాలుగారు 2020 ఆగస్టు 5న చెన్నైలో ఆసుపత్రిలో చేరుతూ, లక్షణాలు కొద్దిగానే ఉన్నాయని తనే వీడియోలో చెప్పారు. 13 రాత్రికి తిరగబడింది. ఆయన పోయిన సెప్టెంబర్ 25 దాకా ఫిల్మ్‌నగర్‌లో బులెటిన్ కోసం ఫోను చూడని ఇల్లు లేదేమో. కోవిడ్‌లో రెండో వారం అలాంటిది. డెంగీలో మరో తీరు: నాలుగో రోజో అయిదో రోజో జ్వరం దిగుతుంది, ఇంటివాళ్లు హమ్మయ్య అనుకుని షూటింగ్‌కి డేట్లు ఇచ్చేస్తారు. అసలు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల వెంట రక్తం కనిపెట్టుకోవాల్సింది అప్పుడే.

4. గోళ్లరంగు తుడవందే ఆక్సిజన్ అంకె రాయకు.

ముదురు నీలం గోళ్లతో వచ్చిన డాన్సర్ అమ్మాయికి ఆక్సిమీటరు 88 చూపించింది. తల్లి ఏడుపు లంకించుకుంది. అసిటోన్ దూదితో ఒక్క వేలు తుడిచి పెట్టాను, 96.

5. చిరునామా చదవడం నేర్చుకో.

"జూబ్లీహిల్స్, రోడ్ నంబర్" అని ఉంటే మనిషి రెండో రోజుకే వచ్చేవాడు, డ్రైవరు ఫైలు పట్టుకుని వెనకాల. "కృష్ణానగర్" అని ఉంటే ఎనిమిదో రోజు. ఒక్క గదిలో ఆరుగురు జూనియర్ ఆర్టిస్టులు, పొయ్యి ఒకటి, బాత్రూమ్ ఒకటి. జ్వరమని చెబితే గదీ పోతుంది, వేషమూ పోతుంది. ఒక కుర్ర డాక్టరు మా రిజిస్టరు చూసి, కృష్ణానగర్ వాళ్లకి జబ్బు తీవ్రంగా వస్తోందని కాగితం రాయబోయాడు. "బాబూ, వాళ్లలో తేలిగ్గా వచ్చినవాళ్లు గదిలోనే పడుకుని లేచారు. డబ్బు లేనివాళ్లు గాంధీ ఆసుపత్రికి పోయారు. నీ చేతిలో ఉన్నది మన గేటు దాటినవాళ్ల పేర్లే" అన్నాను. కోపమొచ్చింది పాపం. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

6. వృత్తి గడిలో "సినిమా" అని రాయకు.

హీరోదీ సినిమాయే, లైట్‌మ్యాన్‌దీ సినిమాయే. లాక్‌డౌన్ తర్వాత షూటింగులు మళ్లీ మొదలయ్యాక అందరూ మాస్కులు కట్టుకున్నారు, కెమెరా ముందున్నవాళ్లు తప్ప. మేకప్‌మ్యాన్ వాళ్ల ముఖానికి జానెడు దూరంలో నిలబడాలి. అలాంటి ఒకతను దగ్గుతూ వచ్చాడు. వృత్తి గడిలో ఎవరో "సినీ పరిశ్రమ" అని రాసి ఊరుకున్నారు. కూర్చోబెట్టి అడిగాను, ఈ వారం ఎన్ని ముఖాలు చేశావయ్యా అని. వేళ్లమీద లెక్కపెట్టి పదకొండన్నాడు. పేర్లు రాసుకుని ఫోన్లు చేయించడానికి కౌంటర్ దగ్గరికెళితే, అందులో మూడు పేర్లు అప్పటికే మా వార్డు బోర్డు మీద ఉన్నాయి, మూడు వేర్వేరు గదుల్లో.