నవ్వు, ప్రార్థన, మాత్ర



1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫానును మన పెద్దలు మరువలేరు. ఎన్నో మత్స్యకార కుటుంబాలు తమవారిని పోగొట్టుకున్నాయి. అప్పుడు నేను కొత్త నర్సును. ఇల్లు కూలి చేయి విరిగిన ఒక మామ్మగారికి కట్టు కడుతున్నాను. "కప్పు కారుతోందని రోజూ గొణిగేదాన్నమ్మా. ఇప్పుడా బాధ లేదు, కప్పే లేదు" అని నవ్వారు. వెంటనే ఏడ్చారు. తరువాత ప్రార్థన చేయమన్నారు. కన్నీళ్లున్న చోటే నిబ్బరమూ ఉంటుందని ఆ రోజు నేర్చుకున్నాను.

సామెతలు 17:22 సంతోషాన్ని ఔషధంతో పోల్చింది. మనసారా నవ్వితే ఊపిరి లోతుగా ఆడుతుంది, బిగిసిన కండరాలు సడలుతాయి. పొట్ట ఆపరేషను అయినవారు మాత్రం నవ్వొచ్చినా, దగ్గొచ్చినా కుట్లమీద దిండు అదిమి పట్టుకోండి!

ఒక హెచ్చరిక. ప్రార్థన చేస్తున్నాం కదా అని బి.పి. మాత్రలు మానేసి, పక్షవాతంతో వచ్చినవారిని చూశాను. పౌలుకు తోడుగా నడిచిన లూకా వైద్యుడే. విశ్వాసానికీ వైద్యానికీ తగవు లేదు.

ఇంట్లో ఇలా చేయండి:

1. రాత్రి భోజనం దగ్గర, ఆ రోజు నవ్వు తెప్పించిన ఒక సంగతి చెప్పుకోండి.

2. కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు, "మందులు వేసుకున్నారా?" అని ఒకరినొకరు అడగండి.

3. రోగిని చూసి నవ్వకండి, రోగితో కలిసి నవ్వండి.

4. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరుగారికి చెప్పండి. టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. అలా అడగడం విశ్వాసలోపం కాదు.

ప్రభువు మీ ఇంట ఆరోగ్యమును, నవ్వును నిలుపును గాక.

మీ సహోదరి,
నర్సింగ్ సూపరింటెండెంట్