కూర అరటిలో వృథా అయ్యేది లేదు

ప్రశ్న: పెరట్లో కూర అరటి గెల కోశాక మిగిలిన చెట్టును ఎలా వాడుకోవాలి? – తాడేపల్లిగూడెం పాఠకురాలు

జవాబు: అరటిచెట్టు ఒక్క గెలే వేస్తుంది కనుక, కోతతోనే ప్రతి భాగాన్నీ ఉపయోగంలోకి తేవాలి. పువ్వు వలిచేటప్పుడు ఒక్కొక్క రేకలో గుండుసూదిలా గట్టిగా ఉండే కాడను, దాని అడుగున ఉండే పలుచని పొరను తీసివేసి, నల్లబడకుండా మజ్జిగనీళ్లలో వేసి, ఆపై ఆవపెట్టి వండుతారు. బోదె నడుమ ఉండే తెల్లని మెత్తని భాగమైన దూటను చక్రాలుగా తరుగుతూ, సాగే పీచును వేలికి చుట్టి తీసివేస్తే పెరుగుపచ్చడికి సిద్ధమవుతుంది. లేత కాయల తొక్కను ఉడికించి, వేయించి పచ్చడి నూరుతారు. ఆకు విస్తరికి, ఎండిన పట్టల నార పూలదండలకు పనికివస్తాయి. మిగిలిన బోదెలో పొటాషియం అధికం కనుక, ముక్కలు చేసి పిలకల చుట్టూ పరిస్తే, అది కుళ్లి ఎరువై నేల తేమను కూడా నిలుపుతుంది. అయితే తెగులు సోకిన చెట్టును ఇలా వాడరాదు. సందేహముంటే 2007లో ఏర్పడిన వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలను సంప్రదించడం మేలు.