బర్మా కొండల్లో తుపాకులు ఎందుకు?



ఉత్తరాంధ్రలోని పెద్దలను అడగండి, రంగూన్‌ను వారు ‘రంగం’ అనేవారు. ఓడలెక్కి అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్ళిన తెలుగువారు ఎందరో. ఆ దేశపు నేటి యుద్ధం అర్థం కావాలంటే 1947కు వెళ్ళాలి.

ఆ సంవత్సరం ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో ఆంగ్‌సాన్‌తో షాన్, కచిన్, చిన్ నాయకులు ఒప్పందం చేసుకున్నారు. కొండ ప్రాంతాలకు స్వపరిపాలన ఉంటుందన్నది దాని సారాంశం. కరెన్లు పరిశీలకులుగా మాత్రమే వచ్చారు. జూలై 19న ఆంగ్‌సాన్ హత్యకు గురయ్యాడు. మాట ఇచ్చినవాడు పోయాడు, మాట కాగితం మీద మిగిలింది. 1949లో కరెన్లు, 1961లో కచిన్లు ఆయుధాలు పట్టారు. బౌద్ధాన్ని రాజమతం చేయబూనడం క్రైస్తవులు ఎక్కువగా ఉన్న కచిన్లను మరింత నొప్పించింది.

1962లో జనరల్ నేవిన్ అధికారం చేజిక్కించుకున్నాడు. తిరుగుబాటుదార్లకు తిండి, డబ్బు, సమాచారం, కొత్త మనుషులు అందకుండా చేయాలని సైన్యం ‘నాలుగు కోతలు’ అనే పద్ధతి పెట్టింది. ఆచరణలో అంటే ఏమిటో ఊహించండి: పల్లెలు తగలబెట్టడం, ధాన్యం పాడుచేయడం, జనాన్ని తరలించడం. కోత పడింది సామాన్యుడి కంచంలోనే.

పట్నాల్లోని బర్మీయులకు చాలాకాలం ఈ బాధ దూరపు మాట. 1988లో విద్యార్థులపై కాల్పులు జరిగాక వేలమంది పారిపోయి కరెన్ల అడవుల్లోనే తలదాచుకున్నారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కున్నప్పుడూ అదే జరిగింది. ఊరేగింపుల్లో తుపాకీ గుండ్లు తిన్న యువకులకు కరెన్, కచిన్, కరెన్నీ, చిన్ దళాలు ఆశ్రయమిచ్చి, శిక్షణ ఇచ్చాయి. 2023 అక్టోబరు 27న మూడు దళాల కూటమి షాన్ రాష్ట్రంలో ఒక్కసారిగా దాడిచేసి ఎన్నో సైనిక స్థావరాలు పట్టుకుంది.

అయితే వీరందరూ పుణ్యాత్ములని అనుకోకండి. బలవంతపు చేరికలు, మత్తుమందుల వ్యాపారం, రోహింగ్యాలపై అత్యాచారాల ఆరోపణలు కొన్ని దళాలపై ఉన్నాయి. అందరి లక్ష్యమూ ఒకటి కాదు. 2024లో పడిపోయిన లాషియో నగరం చైనా మధ్యవర్తిత్వంతో 2025 ఏప్రిల్‌లో తిరిగి సైన్యం చేతికి వచ్చింది.

మన విశ్వాసులు అధికంగా ఉన్న కయా రాష్ట్రం మాటేమిటని అడుగుతారా? 2023 నవంబరులో లోయికావ్ క్రీస్తురాజు కతీడ్రల్ ఆవరణలోకి సైన్యం దిగింది. అక్కడ తలదాచుకున్నవారు మళ్ళీ మూటలు కట్టుకున్నారు. మేత్రాణులు సయితం వారివలెనే నిర్వాసితులై వెళ్ళిపోయారు.