చేపలతో రొయ్యలు: గుల్ల విడిచే రాత్రే గండం

"కుంటలో చేపలేసినాం, అడుగు ఖాళీగానే ఉంది గదా, రొయ్యలు గూడ వేద్దామా?" నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో కె.సి. కాలువ, తెలుగుగంగ నీళ్లతో కుంట నింపుకునే చిన్న రైతుకు ఈ ఆలోచన రావడం సహజం. వేసుకోవచ్చు. అయితే రొయ్య చేపలాంటిది కాదు. దాని గుణం తెలియకుండా వేస్తే పిల్లల ఖర్చు నీళ్లపాలే.

గుల్ల ఎందుకు విడుస్తుంది?

మంచినీటి కుంటకు తగినది నీలకంఠ రొయ్య. దీని ఒంటి మీది గుల్ల సాగదు. అందుకే పెరగాలంటే పాము కుబుసం విడిచినట్లు పాత గుల్లను వదిలేయాలి. పిల్లలు కొన్ని రోజులకోసారి, పెద్దవి కొన్ని వారాలకోసారి, ఎక్కువగా రాత్రిపూట గుల్ల విడుస్తాయి. కొత్త గుల్ల గట్టిపడేదాకా రొయ్య మెత్తటి ముద్ద. పారిపోలేదు, ఎదిరించలేదు. ఆ సమయంలో పక్కనున్న రొయ్యే దాన్ని తినేస్తుంది. మాంసం తినే చేప ఉంటే ఇక చెప్పనక్కరలేదు. "వెయ్యి వేస్తే మూడొందలు గూడ రాలేదు" అని తలపట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఏ చేపలు వేయాలి?

పైనీటిలో మేసే బొచ్చె, నడినీటిలో మేసే శీలావతి రొయ్యలకు మంచి జోడీ. అడుగున మేసే మోసు, బంగారుతీగ రొయ్యతో మేతకు పోటీపడతాయి కనుక వేయరాదు. కొర్రమీను, జెల్ల, వాలుగ, రూప్‌చంద్ కుంటలో ఉండనే కూడదు. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు కుంటను నెర్రెలిచ్చేదాకా ఎండబెడితే పాత చేపలు పోతాయి. తిరిగి నీళ్లు పెట్టేటప్పుడు తూముకు సన్న వల కట్టడం మరవరాదు.

ఎన్ని వేయాలి?

ఎకరాకు 4,000 నుంచి 5,000 రొయ్య పిల్లలు, సుమారు 1,000 చేప పిల్లలు చాలు. మొదటి ఏడు పావు ఎకరాలో 1,000 రొయ్యలు, 250 చేపలతో చూసుకోవడం మేలు. నీళ్లు 4, 5 అడుగుల లోతున కనీసం 6 నెలలు నిలవాలి. ఈ రొయ్య గుడ్డు నుంచి వచ్చిన లార్వాకు కొంత ఉప్పు నీరు కావాలి. అందుకే హేచరీలు ఎక్కువగా సముద్రతీర జిల్లాల్లో ఉంటాయి. అంత దూరం నుంచి తెచ్చిన సంచులను చల్లని వేళ అరగంట కుంటలో తేలనిచ్చి, కుంట నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, ఆ తర్వాతే పిల్లలను వదలాలి.

మన నల్లరేగడి నేలల్లో సహజంగానే సున్నం ఎక్కువ. పొరుగువారు చల్లారని సున్నం చల్లవద్దు. ముందు మట్టి, నీటి పరీక్ష చేయించండి. ఉదజని సూచిక 7 నుంచి 8.5 మధ్య ఉంటే మంచిది. బాగా చవుడు నీళ్ల బోరు మీదే ఆధారపడితే రొయ్యల జోలికి పోకపోవడమే మంచిది.

దాగే చోటు, మేత

ఎండిన తాటాకులు, కొబ్బరి మట్టలు, పగిలిన కుండలు, పైపు ముక్కలు కుంట అడుగున అక్కడక్కడా వేయాలి. గుల్ల విడిచిన రొయ్యకు అదే ఇల్లు. కుళ్లిన మట్టలను తీసి కొత్తవి వేయాలి. విడిచిన గుల్లలను ఏరవద్దు, రొయ్యలే తింటాయి.

చేపలకు తవుడు, వేరుశనగ చెక్క చిల్లుల సంచుల్లో పగలు కట్టాలి. రొయ్యల మేత పొద్దుగూకినాక పళ్లేల్లో అడుగుకు దించాలి. కడుపు నిండిన రొయ్య తోటి రొయ్య జోలికి తక్కువగా పోతుంది. నాలుగో నెల నుంచి నీలి గోళ్ల పెద్ద మగ రొయ్యలను ఏరి అమ్ముకోవాలి. అవి ఉన్నంతకాలం చిన్నవి ఎదగవు.

ఈ తప్పులు చేయకండి

పత్తి, మిరప చేలల్లో కొట్టే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు రొయ్యకు విషం. చేపకంటే రొయ్య, పురుగు జాతికి దగ్గర చుట్టం. చేలో మురుగు నీరు కుంటలోకి రానీయకండి. మందు కొట్టిన స్ప్రేయరు కుంటలో కడగకండి. పాచి పోవడానికని మైలతుత్తం వేయకండి. తెల్లవారుజామున రొయ్యలు గట్టు పక్కకు చేరుతున్నాయంటే ఊపిరాడడం లేదని అర్థం. వెంటనే మేత ఆపి కొత్త నీళ్లు పెట్టాలి, లేదా ఇంజనుతో కుంట నీటినే పైకి చిమ్మించాలి.

ఇంట్లో గాజుతొట్టి ఉన్నవారికీ ఒక మాట. రంగురంగుల క్రేఫిష్‌కూ ఇదే గుణం. దాగే చోటు లేకుంటే గుల్ల విడిచిన రాత్రే ప్రాణం పోతుంది. పెద్దదైతే నిద్రపోయే చేపనూ పట్టుకుంటుంది. ఇది మన దేశపు జీవి కాదు. వద్దనుకుంటే కాలువలోనో కుందూలోనో వదలవద్దు. ఎర్ర క్రేఫిష్ విదేశాల్లో వరి గట్లకు బొరియలు పెట్టి రైతులను ఏడిపిస్తోంది.

పిల్లలు కొనేముందు మత్స్యశాఖ వారిని కలిసి అనుమతి సంగతి, నమ్మకమైన హేచరీల సంగతి అడగండి. చేపల రాబడికి రొయ్యలు తోడు మాత్రమే. అప్పు తెచ్చి అంతా రొయ్యల మీదే పెట్టవద్దు.