ఇరవై రెండే చెప్పు

కొలకలూరు

అమ్మాయీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే వెనకాల కీబోర్డు టకటకలు వినిపిస్తూనే ఉన్నాయి. స్ప్రింట్ ఆఖరి రెండు రోజులూ ఇంతేనన్నావు. ప్రతిసారీ ఇంతే అయితే, మొదటిరోజు ప్లానింగ్‌లోనే తేడా ఉందన్నమాట.

లెక్క చూడు. మీ టీమ్ మామూలు పనివేళల్లో 22 పాయింట్లు చేయగలదనుకో. రాత్రుళ్లు కూర్చుని 30 లాగారు. బోర్డు మీద కనిపించేది ఆ 30 ఒక్కటే. వచ్చే స్ప్రింట్‌కి బేరం అక్కణ్ణించే మొదలవుతుంది. ఆ 30నే మీ వెలాసిటీ, అంటే మామూలు వేగం, అని మేనేజర్ నమ్మితే అతన్నేం అనగలం? పైగా నిద్రకళ్లతో రాసిన కోడ్‌లోని బగ్గులు నెల తిరక్కుండానే కొత్త పనై కూర్చుంటాయి.

2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రపు స్నోబర్డ్‌లో 17 మంది చేరి, మీరు పాటిస్తున్నామనే ఎజైల్ పద్ధతికి మానిఫెస్టో రాశారు. దాని 12 సూత్రాల్లో ఒకటి, డబ్బు పెట్టేవాళ్లూ డెవలపర్లూ వాడేవాళ్లూ ఎంతకాలమైనా ఒకే వేగంతో సాగగలగాలని. అంతకుముందే 1999లో కెంట్ బెక్ తన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పుస్తకంలో వారానికి 40 గంటలన్నాడు. మనవాళ్లు స్టాండప్‌నీ జిరానీ తెచ్చుకుని, ఈ ముక్కని మాత్రం అక్కడే వదిలేసొచ్చారు.

2023లో ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి గారు కుర్రకారు వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు మీ నాన్న తెగ మెచ్చుకున్నాడు. సొంత కంపెనీ పెట్టుకున్నవాళ్ల గంటలు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో తేల్చిందేమిటంటే, వారానికి 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకి 35–40 గంటలవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువట. మీ నాన్నకి ఇదీ చదివి వినిపించు.

మనూళ్లో నాట్లు గుత్తకి ఒప్పుకున్న ముఠాని చూశావుగా. మధ్యాహ్నం దాటాక రైతొచ్చి "ఆ పక్క అరెకరం కూడా కానిచ్చేయండమ్మా" అంటే, పెద్దావిడ నడుం నిలబెట్టి, "డబ్బులు కలుపుతావా, రేపు రమ్మంటావా?" అంటుంది. ఎవరికీ కోపం రాదు. మీ ప్రొడక్ట్ ఓనర్ మధ్యలో కొత్త స్టోరీ తెచ్చినప్పుడు నువ్వూ నలుగురి ముందే అడుగు: "అలాగేనండీ, దీని బదులు ఏది తీసేద్దాం?"

రాత్రి తొమ్మిదింటి అమెరికా కాల్ తప్పదంటే, మర్నాడు లాగిన్ ఆలస్యమని క్యాలెండర్‌లో పెట్టు. నోటిమాట చాలదు.

సోమవారం ప్లానింగ్‌లో 22 చెప్పు. ఎందుకు తగ్గిందంటారు. ఎవరు ఏ రాత్రి ఎన్నింటిదాకా కూర్చున్నారో రాసిపెట్టి ఉంటే అది చూపించు; లేకపోతే ఇవాళే మొదలుపెట్టు. మీ టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు తనంతట తాను నోరు విప్పలేడు, అతని గంటలు కూడా రాయి.

మీ బాబాయ్